కొలంబో మ్యాచ్‌కి వెళ్లొచ్చిన ఐదు రోజులు

మొదటి రోజు, గురువారం

తెల్లవారుజామున నాలుగింటికి తార్నాక చౌరస్తాలో రెండు టెంపో ట్రావెలర్లు ఆగి ఉన్నాయి, ఫుట్‌పాత్ మీద 22 హెల్మెట్లు వరుసగా పేర్చి ఉన్నాయి. చాయ్ బండి పెద్దాయన వాటిని చూసి “ఏం సారూ, బైక్ ర్యాలీనా?” అన్నాడు. కాదు పెద్దనాన్నా, అమెరికన్ ఫుట్‌బాల్, కొలంబోలో మ్యాచ్ ఉంది, పిల్లల్ని తీసుకుపోతున్నా అని చెప్పాను. రెండు నెలల్లో ఈ మాట బ్యాంకులో, పిల్లల ఇళ్లల్లో, వాళ్ల ఆఫీసు మేనేజర్లకి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ సంతోషంగానే ఉండేది.

నేను కోచ్‌ని. మేం ఉస్మానియా యూనివర్సిటీ గ్రౌండ్స్‌లో ప్రాక్టీస్ చేస్తాం, వారానికి నాలుగు రోజులు, పొద్దున 5:30కి, క్రికెట్ టీములు వచ్చి మూలమూలకీ వికెట్లు పాతకముందే. జట్టులో సగం మంది మాదాపూర్, గచ్చిబౌలి ఐటీ ఉద్యోగులు, మిగతావాళ్లలో డిగ్రీ పిల్లలు, డెలివరీ చేసేవాళ్లు, ఒక జిమ్ ట్రైనర్, పోలీస్ ఉద్యోగానికి ప్రిపేర్ అవుతున్న ఇద్దరు. జీతాలున్నవాళ్లు లేనివాళ్లకి టికెట్లు కొన్నారు, ఎవరు ఎవరికి కొన్నారో నాకు తప్ప ఎవరికీ తెలియదు, చెప్పొద్దని వాళ్లే అడిగారు. హెల్మెట్లు, షోల్డర్ ప్యాడ్లు మన మామూలు స్పోర్ట్స్ షాపుల్లో దొరకవు కాబట్టి డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో సెలవులకి వచ్చే అక్కలు, బావలు సూట్‌కేసుల్లో ఒక్కొక్కటీ పెట్టుకుని తెచ్చారు, జట్టంతటికీ సరిపడా పోగవడానికి మూడేళ్లు పట్టింది.

కొలంబో అనగానే నాకు 2012 గుర్తొస్తుంది. ఆ ఏడు ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ఒకటి మొదలైంది, అందులో హైదరాబాద్ స్కైకింగ్స్ అని మనకీ ఒక జట్టు ఉండేది, ఆ మొదటి సీజన్ ఆటలు కొలంబోలో ఆడారు. టీవీలో అది చూసే నాకు ఈ ఆట మీద ప్రాణం పోయింది. అదే ఊరికి నా పిల్లల్ని తీసుకుపోతున్నానంటే ఆ రాత్రి నిద్రేం పడుతుంది.

57వ నంబర్ గురించి ఇప్పుడే చెప్పాలి. రామంతాపూర్ పిల్లగాడు, మా సెంటర్. పెద్ద పొడుగేం కాదు, బరువూ తక్కువే, కానీ చేతులు చాలా కుదురు. ఈ ఆటలో ప్రతిసారీ మొదట బంతి ముట్టుకునేది సెంటరే. నేల మీదున్న బంతిని కాళ్ల మధ్యలోంచి వెనక్కి విసరాలి, ఐదు గజాల వెనక నిలబడ్డ క్వార్టర్‌బ్యాక్, అంటే ఆట నడిపించి పాస్‌లు విసిరేవాడి ఛాతీకి అది సరిగ్గా అందాలి, విసిరిన మరుక్షణం ఎదురుగా ఉన్నవాడు మీద పడతాడు. స్నాప్ అంటారు దాన్ని. వీడు కుడిచేతి వేళ్లు బంతి మీది తెల్ల కుట్లకి ఆనించి, ఎడమచెయ్యి దారి చూపించడానికి మాత్రమే తాకించి, విసిరే ముందు ఒక్కసారి మణికట్టు వదులు చేసుకుంటాడు. నేను నేర్పింది కాదు అది, వాడికే వచ్చింది. డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్, అంటే ముందు వరుస వెనక నిలబడి వచ్చేవాళ్లని ఆపేవాడు కూడా వాడే, కాబట్టి దాదాపు మ్యాచ్ అంతా గ్రౌండ్‌లోనే ఉంటాడు. వాళ్లమ్మ ఇంట్లో మిషన్ కుడుతుంది, మా జెర్సీల మీద నంబర్లన్నీ ఆమె కుట్టినవే, పైసా తీసుకోలేదు. పాస్‌పోర్టు పని మీద వాళ్లింటికి పోయినప్పుడు నాతో ఒక్క మాటే అంది: “సారూ, వాడు నొప్పైతే చెప్పడు. మీరే చూస్కోవాలె.”

శంషాబాద్‌లో లగేజీ స్కాన్ దగ్గర మమ్మల్ని పక్కకి పిలిచారు. హెల్మెట్ల గురించి అనుకున్నాను, కాదు, గొలుసు గురించి. ఈ ఆటలో నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకి పోవాలి, పోయారా లేదా అని కొలవడానికి రెండు కర్రలకి కట్టిన గొలుసు ఒకటి ఉంటుంది. మాది రాణిగంజ్‌లో ఒక హార్డ్‌వేర్ షాపులో కోయించిన ఇనుప గొలుసు, సరిగ్గా 9.14 మీటర్లు, చివర్లకి నారింజ రంగు గుడ్డ చుట్టిన పీవీసీ పైపులు. అక్కడి ఉద్యోగి దాన్ని చేత్తో తూచి, ఇదెందుకని అడిగితే మా క్వార్టర్‌బ్యాక్ అక్కడే నేల మీద గొలుసు పరిచి మొత్తం ఆట వివరించాడు. ఆయన శ్రద్ధగా విని, ఆల్ ది బెస్ట్ చెప్పి పంపించాడు.

రెండు గంటల ప్రయాణం. కటునాయకె ఎయిర్‌పోర్ట్ బయటికి అడుగుపెట్టగానే తడిగుడ్డ మొహాన కప్పినట్టుంది. ఫిబ్రవరి కాబట్టి హైదరాబాద్‌లో ఇంకా పొద్దున్నే స్వెట్టర్ వేసుకుంటున్నాం, ఇక్కడ నిలబడితేనే చొక్కా వీపుకి అతుక్కుంటోంది. అప్పుడే నా మనసులో మ్యాచ్ ప్లాన్ మారడం మొదలైంది: ఎనిమిది నిమిషాలకోసారి నీళ్లు, ప్రతి సీసాలో ఓఆర్ఎస్, ఎవరికి చెమట పట్టడం ఆగిపోయినా వెంటనే నాకు చెప్పాలి. ఊళ్లోకి ముప్పై కిలోమీటర్ల పైచిలుకు. బోర్డుల మీద సింహళం అక్షరాలు గుండ్రంగా మన తెలుగులాగే అనిపిస్తాయి, పిల్లలు దారంతా చదవబోయి ఒక్కటీ చదవలేకపోయారు.

వెల్లవత్తలో లాడ్జి, ముందు రైలు పట్టాలు, పట్టాల అవతల సముద్రం. రాత్రి ఇడియాప్పం, కొబ్బరి సంబల్, పప్పు. మా గార్డ్, అంటే ఆటలో సెంటర్ పక్కన నిలబడేవాడు, సంచిలోంచి గోంగూర పచ్చడి సీసా తీశాడు, షోల్డర్ ప్యాడ్ మధ్యలో పెట్టి తెచ్చాడంట, పగల్లేదు. ఐదు నిమిషాల్లో ఖాళీ.

రెండో రోజు, శుక్రవారం

పొద్దున గ్రౌండ్ చూశాం. రగ్బీ గ్రౌండ్ అది, శ్రీలంకలో స్కూళ్ల నుంచే రగ్బీ ఉంది, మేం ఆడబోయే జట్టులో చాలామంది ఆ ఆటలోంచి వచ్చినవాళ్లే. వాళ్ల కోచ్ నన్ను కౌగిలించుకుని, ముందు థంబిలి తాగించాడు, నారింజ రంగు బోండాం, మన కొబ్బరినీళ్ల కంటే కాస్త తియ్యన. తర్వాత ఇద్దరం గొలుసు పట్టుకుని గ్రౌండ్ కొలవడం మొదలుపెట్టాం, గంటన్నర పట్టింది.

రగ్బీ పోల్స్ మధ్య దూరం 5.6 మీటర్లు, మా ఆటలో 5.64, అడ్డకర్ర ఎత్తు కూడా రెంటికీ ఇంచుమించు మూడు మీటర్లే. అంటే కిక్‌కి ఇబ్బంది లేదు. ఇబ్బంది పొడుగుతో. ఇది 100 మీటర్ల గ్రౌండ్, మాకు కావాల్సింది గోల్ లైన్ నుంచి గోల్ లైన్‌కి 100 గజాలు, అంటే 91.44 మీటర్లు. ఒక వైపు పోల్స్‌ని గోల్ లైన్‌తో కలిపితే అవతలి వైపు పోల్స్ ఎనిమిదిన్నర మీటర్లు వెనక్కి పోయాయి. అంటే ఒక వైపు కిక్ దగ్గర, ఇంకోవైపు దూరం. దీన్ని నోట్‌బుక్‌లో పెద్దగా రాసుకున్నాను. అంబులెన్స్, డాక్టర్ మొదటి నిమిషం నుంచీ గ్రౌండ్‌లో ఉండాలని రెండోసారి అడిగి ఖాయం చేసుకున్నాను, అవి లేకపోతే మ్యాచ్ లేదని హైదరాబాద్ నుంచే చెప్పి ఉన్నాను.

సాయంత్రం వాళ్ల ప్రాక్టీస్ చూస్తుంటే ఒక విషయం దగ్గర ఆగిపోయాను. వాళ్లు ట్యాకిల్ చేసేటప్పుడు, అంటే బంతి పట్టుకున్నవాడిని పడగొట్టేటప్పుడు, తల ఎప్పుడూ పక్కకే ఉంటోంది. చెంప అవతలివాడి తొడ వెనకాల, భుజం ముందు, చేతులు చుట్టూ బిగించి. రగ్బీలో హెల్మెట్ లేదు కాబట్టి చిన్నప్పుడే తల కాపాడుకోవడం వచ్చేస్తుంది. మా పిల్లలకి మొదటి రోజు నుంచీ హెల్మెట్ ఉంది, అందుకే ధైర్యంగా తల దించి దూకుతారు. హెల్మెట్ పుర్రె పగలకుండా కాపాడుతుంది, లోపల మెదడు ఊగకుండా అది ఆపలేదు. ఎన్నిసార్లు చెప్పానో. ఆ రాత్రి మళ్లీ చెప్పాను, లాడ్జి టెర్రస్ మీద ఒక్కొక్కడినీ నిలబెట్టి, పరుపు పట్టుకుని, తల పైకి, కళ్లు పైకి, భుజంతో తగులు అని. 57 అన్నీ సరిగ్గానే చేశాడు.

మధ్యలో గాల్ ఫేస్ గ్రీన్‌కి తీసుకెళ్లాను. గాలిపటాలు, సముద్రం, బండ్ల మీద ఇస్సో వడె, అంటే మన పప్పు వడ మీద రొయ్య అద్ది వేయించినట్టుంటుంది. మ్యాచ్ ముందు రోజు కాబట్టి తలా ఒకటే అన్నాను. వచ్చాక కొత్త మౌత్‌గార్డులు కెటిల్ నీళ్లలో మెత్తబెట్టి ఒక్కొక్కడి నోట్లో పెట్టి ఇరవై లెక్కపెట్టించాను, పళ్ల అచ్చు పడాలి, పడకపోతే మధ్యలో ఊడిపోతుంది.

మూడో రోజు, శనివారం

మ్యాచ్ మూడున్నరకి. క్వార్టర్‌కి 12 నిమిషాలు.

మొదటి క్వార్టర్‌లో వాళ్లు బంతి విసరనేలేదు, చేత్తో పట్టుకుని గుద్దుకుంటూ వచ్చారు, ప్రతిసారీ నాలుగు గజాలు, ఐదు గజాలు. బంతితో మా గోల్ లైన్ దాటేశారు, టచ్‌డౌన్ అంటారు దాన్ని, ఆపైన కిక్ కూడా పడింది, 7-0. రెండో క్వార్టర్‌లో మాకు దారి తెలిసింది. రగ్బీలో ముందుకి పాస్ ఇవ్వకూడదు, అందుకే వాళ్ల డిఫెన్స్ కళ్లు ఎప్పుడూ బంతి పట్టుకున్నవాడి మీదే ఉంటున్నాయి, వెనకాల ఎవరు పరిగెడుతున్నారో చూడట్లేదు. మా క్వార్టర్‌బ్యాక్ 30 గజాలు విసిరాడు, డెలివరీ చేసే తమ్ముడు ఒంటరిగా అందుకుని పరిగెత్తాడు. కిక్ పోయింది, 7-6. హాఫ్‌టైమ్‌లో ఐస్ గుడ్డలు మెడలకి చుట్టాం, బంతిని పొడి టవల్‌తో తుడుస్తూనే ఉన్నాం, ఆ చెమటకి బంతి చేపలా జారుతోంది. అయినా అప్పటిదాకా 57 చేతిలోంచి ఒక్క స్నాప్ కూడా తప్పు పోలేదు.

మూడో క్వార్టర్ మొదట్లో ఇంకో టచ్‌డౌన్, ఈసారి కిక్ వద్దని మళ్లీ పాస్‌కే పోయి రెండు పాయింట్లు తెచ్చుకున్నాం. 14-7. మా బెంచ్ మీద ఎవడూ కూర్చోలేదు.

తర్వాత వాళ్ల బంతి. వాళ్ల పెద్ద రన్నర్ మధ్యలోంచి వచ్చాడు, 57 ఎదురెళ్లాడు, నేను చూస్తూనే ఉన్నాను, చివరి అడుగులో వాడి తల కిందికి పోయింది. హెల్మెట్ పైభాగం అవతలివాడి తుంటికి తగిలింది. రన్నర్ పడిపోయాడు, మావాళ్లంతా అరుస్తున్నారు, 57 లేచాడు, రెండడుగులు వేశాడు, మూడో అడుగు ఎక్కడ వెయ్యాలో తెలియనట్టు ఆగాడు. అంతే. ఒక్క క్షణం. పక్కనున్నవాళ్లు కూడా గమనించలేదు.

టైమ్‌అవుట్ తీసుకుని లోపలికి పరిగెత్తాను. “నాకేం కాలే అన్నా, మంచిగనే ఉన్న” అన్నాడు నేను నోరు తెరవకముందే. ఇలాంటప్పుడు అడగాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, ప్రపంచమంతా ఇవే అడుగుతారు: ఇప్పుడు మనం ఏ గ్రౌండ్‌లో ఉన్నాం, ఇది ఏ హాఫ్, ఆఖర్న స్కోర్ చేసిందెవరు, పోయిన మ్యాచ్ ఎవరితో, గెలిచామా. నేను మొదటిదే అడిగాను.

“ఓయూ గ్రౌండ్‌ల కదన్నా.”

ఎంత మామూలుగా చెప్పాడో. వెనకాల సముద్రపు గాలి, చుట్టూ సింహళంలో అరుపులు, వాడికి తార్నాకలో ఉన్నట్టుంది. చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను, గడ్డం కింద క్లిప్పు నేనే విప్పి హెల్మెట్ తీసేసుకున్నాను. ఇది కోచ్‌లు చేసే పనే, హెల్మెట్ వాళ్ల చేతిలో ఉంటే పిల్లలు మనం చూడనప్పుడు మళ్లీ లోపలికి దూరతారు. తలకి దెబ్బ తగిలిందని అనుమానం వచ్చినా చాలు, ఆ రోజు మళ్లీ ఆడించకూడదు. ఇందులో బేరం లేదు. డాక్టర్ చూసి, మెడ, కళ్లు, చేతులు పరీక్ష చేసి, ఇప్పుడు ప్రమాదం కనబడట్లేదు కానీ పక్కనే కూర్చుంటానన్నాడు.

మా గార్డ్‌ని సెంటర్‌లో పెట్టాను. వాడు ప్రాక్టీస్‌లో సరదాకి స్నాప్ చేసినవాడే, మ్యాచ్‌లో ఎప్పుడూ చేయలేదు. 22 మందిని దేశం దాటించి, రెండో సెంటర్‌ని తయారు చేయకుండా వచ్చాను, ఆ తప్పు పూర్తిగా నాది, గార్డ్‌ది కాదు. నాలుగో క్వార్టర్‌లో మా గోల్ లైన్‌కి 12 గజాల దూరంలో ఉండగా వాడి స్నాప్ క్వార్టర్‌బ్యాక్ తల మీంచి పోయింది, దొర్లుకుంటూ మా ఎండ్‌జోన్‌లోకి, అంటే మా గోల్ లైన్ వెనక్కి వెళ్తే క్వార్టర్‌బ్యాక్ దాని మీద పడుకున్నాడు. మన బంతితో మనమే అక్కడ చిక్కుకుంటే సేఫ్టీ అంటారు, వాళ్లకి రెండు పాయింట్లు, పైగా బంతి కూడా వాళ్లకే. ఆరు నిమిషాలు తిన్నారు, మళ్లీ అదే గుద్దుడు, టచ్‌డౌన్, కిక్. 16-14.

40 సెకన్లు మిగిలాయి. నాలుగో ప్రయత్నం, వాళ్ల 24 గజాల గీత దగ్గర. అదృష్టం కొద్దీ పోల్స్ దగ్గరున్న వైపే మేం ఆడుతున్నాం, కిక్ పడితే గెలుస్తాం, 31 గజాలు, మా కిక్కర్ ఓయూలో కళ్లు మూసుకుని కొట్టే దూరం. కావాల్సిందల్లా ఏడు గజాల వెనక్కి ఒక్క మంచి స్నాప్.

అందరూ నావైపు చూశారు. నావైపంటే నా చేతిలోని హెల్మెట్ వైపు. 57 లేచి నిలబడ్డాడు. “ఒక్క స్నాప్ అన్నా. గంతే. ఇయ్యి అన్నా.” క్వార్టర్‌బ్యాక్ కూడా దగ్గరికొచ్చి మెల్లగా “ట్యాకిల్ చేసేదేం లేదు కదన్నా” అన్నాడు. నిజమే, ట్యాకిల్ లేదు. కానీ కిక్‌కి స్నాప్ చేసేవాడు తల పూర్తిగా వంచి కాళ్ల మధ్యలోంచి వెనక్కి చూస్తుంటాడు, బంతి వదిలేసరికి ఎదుటివాళ్లు మీదికొస్తారు, మొత్తం గ్రౌండ్‌లో తల కాపాడుకోలేని మనిషి ఆ క్షణంలో వాడొక్కడే. నేను కుదరదన్నాను. గార్డ్ చేతులు టవల్‌తో నేనే తుడిచి పంపాను.

స్నాప్ కింద పడి ఒకసారి ఎగిరింది. పట్టుకున్నవాడు ఎలాగో నిలబెట్టాడు, కిక్కర్ అడుగు తడబడింది, బంతి వాళ్ల చేతులకి తగిలి పక్కకి పోయింది.

ఓడిపోయాం. గార్డ్ మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. వాడి పక్కన నేనూ కూర్చున్నాను. 57 ఉంటే గెలిచేవాళ్లమని పిల్లలు అన్నారు, నేనూ అదే అనుకుంటున్నాను, ఉంటే గెలిచేవాళ్లం.

బట్టలు మార్చుకునేటప్పుడు 57 వాంతి చేసుకున్నాడు. డాక్టర్ ఇంకేం ఆలోచించకుండా అంబులెన్స్ ఎక్కించాడు. ఆసుపత్రికి పోయే దారిలో ఒక చేత్తో వాడి భుజం, ఇంకో చేత్తో ఆ హెల్మెట్ పట్టుకుని ఉన్నాను, ఎందుకు పట్టుకున్నానో తెలియదు, వదలబుద్ధి కాలేదు. ఎవ్వరూ స్టేటస్ పెట్టొద్దని గ్రూపులో మెసేజ్ చేశాను, వాళ్లమ్మకి వేరే ఎవరి నోటినుంచో తెలియకూడదు. రాత్రి 9:40కి స్కాన్ మంచిగా ఉంది, రక్తస్రావం లేదు అన్నారు. అప్పుడు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను, దెబ్బ, ప్రశ్న, వాంతి, స్కాన్, ఏదీ దాచలేదు. ఆమె ఏడుస్తుందేమో అనుకున్నాను, కాసేపు మిషన్ చప్పుడు కూడా ఆగిపోయి నిశ్శబ్దంగా ఉంది, తర్వాత “మాట్లాడుతుండా సారూ? అన్నం తిన్నడా?” అంది. ఫోన్ వాడికిచ్చాను.

నాలుగో రోజు, ఆదివారం

పిల్లలు గంగారామయ గుడికి, పెట్టా మార్కెట్‌కి పోయారు. నేను లాడ్జిలోనే వాడి దగ్గర ఉన్నాను. కర్టెన్లు వేసి, ఫోన్ తీసేసుకుని. రైలు పోయినప్పుడల్లా కళ్లు మూసుకునేవాడు.

“స్కోర్ ఎంతన్నా?”

“16-14. ఓడిపోయాం.”

ఇరవై నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. మధ్యాహ్నం లోపల నాలుగుసార్లు. నాలుగుసార్లూ మొదటిసారి విన్నట్టే మొహం వాడిపోయింది, అది చూడటం నాకు మ్యాచ్ కంటే కష్టమైంది. మూడో క్వార్టర్ టచ్‌డౌన్ వాడికి అసలు గుర్తు లేదు, ఆ స్నాప్ వాడే చేశాడు. సాయంత్రానికి అడగడం ఆగింది, నొప్పి తగ్గింది, పెరుగన్నం తిన్నాడు. నేను ఏ గ్రౌండ్ అని అడిగితే ఓయూ అన్నాడని చెప్తే నమ్మలేదు. “నేనా? ఉత్తగ అంటున్నవ్ అన్నా.”

ఐదో రోజు, సోమవారం

పొద్దున డాక్టర్ మళ్లీ చూసి ప్రయాణానికి సరేనని కాగితం రాసిచ్చాడు. గొలుసు లగేజీలో వేశాం, 57 హెల్మెట్ మాత్రం నా ఒళ్లో పెట్టుకున్నాను.

శంషాబాద్ నుంచి అందరూ ఎవరి దారిన వాళ్లు పోయారు, నేను వాడిని తీసుకుని రామంతాపూర్ పోయాను. సందు మొదట్లోనే వాళ్లమ్మ నిలబడి ఉంది. వాడి తలని రెండు చేతులతో పట్టుకుని, జుట్టు పాయలు తీసి చూసింది, బయటికి ఏ గాయమూ లేదు. లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. మిషన్ పక్కన కుర్చీలో కూర్చుని డాక్టర్ కాగితం చదివి వినిపించాను. మొదట విశ్రాంతి, తర్వాత మామూలు పనులు, నడక, మెల్లగా పరుగు, దెబ్బ తగలని ప్రాక్టీస్, ఒక్కో మెట్టుకి కనీసం 24 గంటలు, తలనొప్పి తిరిగొస్తే ఒక మెట్టు వెనక్కి, డాక్టర్ ఒప్పుకోనిదే ట్యాకిల్ లేదు. ఆమె ప్రతి మెట్టూ వేళ్ల మీద లెక్కపెట్టుకుంది, మధ్యలో ఆపి రెండోది మళ్లీ చెప్పించుకుంది.

హెల్మెట్ ఆమె చేతికిచ్చాను. తిప్పి చూసి, బీరువా పైన పెట్టి, మీద గుడ్డ కప్పింది.

“మల్ల ఆ బాల్ ఎవలు ఇస్తరు సారూ? ఆ పిల్లగానికి వస్తలేదంటిరి కదా.”

నేను చెప్పేలోపే వాడు మంచం మీంచి లేచి కూర్చుని, గార్డ్‌కి వాయిస్ మెసేజ్ పెట్టమని నా ఫోన్ అడిగాడు. స్క్రీన్ చూడొద్దన్నారని నేనే బటన్ నొక్కి పట్టుకున్నాను. “అరేయ్, బుధవారం పొద్దుగాల టవల్ పట్టుకొని రా. నేను గట్టు మీద కూసుంట, మెట్టు దిగ. వేళ్లు కుట్ల మీద పెడ్తున్నవ్ గానీ గట్టిగ పిసుకుతున్నవ్, అందుకే మీదికి పోతుంది. ఇడిసెయ్యాలె, పిసుకొద్దు.”